వేలి కొస తెగినప్పుడు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, ప్రభుత్వ వైద్యశాలల్లో ప్లాస్టిక్ సర్జనుగా పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు గుండెజబ్బు గురించో, చక్కెర వ్యాధి గురించో చెప్పమంటారనుకున్నాను. ఆ రెండూ నా విద్యలు కావు గనుక ఏదో సాకు చెప్పి తప్పించుకుందామని కూడా అనుకున్నాను. ఆయన మాత్రం "మీకు తెలిసిందే చెప్పండి, వేళ్ళ గురించి చెప్పండి" అన్నారు. కారణం మీలో చాలామందికి తెలుసు. మన సభ్యులొకరు వేసవిలో కత్తితో కొబ్బరిబొండాం చెక్కుతూ ఎడమ బొటనవేలి కొస తెగ్గొట్టుకున్నారు. గాయం మానింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం యంత్రం మీద ఆ వేలు పెడితే యంత్రం ఒప్పుకోలేదు. "నేను బతికున్నానని నా నోటితో నేను చెప్తుంటే ఈ పెట్టె వినదేమిటయ్యా" అని ఆయన ఆఫీసులో అందరినీ నవ్వించారట.

ఆయన అనుమతితోనే ఇంకో మాట చెప్తాను. గాయం తగిలిన రోజున ఆయన వెళ్ళిన ఆసుపత్రిలో డాక్టరుగారు, "ఎముక కాస్త తగ్గించి కుట్టెయ్యమంటారా, లేక చర్మం తెచ్చి కప్పమంటారా?" అని అడిగారు. ఈయన "మీ ఇష్టమండి" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మీద ప్రతి కామానూ పట్టి చూసిన మనిషి, తన వేలి విషయంలో మాత్రం మీ ఇష్టం అన్నారు. తప్పు పట్టడం లేదు. నా సర్వీసులో వందమందిని అడిగితే తొంభైమంది ఆ మాటే అన్నారు. ఆ ప్రశ్న మనకో, మన ఇంట్లో పిల్లలకో ఎదురైతే ఏం జవాబు చెప్పాలి, డాక్టరును తిరిగి ఏం అడగాలి అన్నది ఇవాళ నేను చెప్పదలచుకున్న సంగతి.

పెన్షనరుకూ వేలిముద్రకూ ఉన్న బంధుత్వం ఇవాళ్టిది కాదు. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. ఆయనే 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు, పోయినవాళ్ళ పేరు మీద పెన్షను తీసుకుపోయే వాళ్ళ బెడద వదిలించుకోవడానికి పెన్షనర్ల వేలిముద్రలు తీసుకోవడం మొదలుపెట్టాడు. అంటే ప్రపంచంలో వేలిముద్రతో తన ఉనికి రుజువు చేసుకోవలసి వచ్చిన మొదటివాళ్ళలో మన కులస్థులే ఉన్నారన్నమాట. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ దానికి మునిమనుమడు.

సరే, విషయానికి వస్తాను.

వేలి కొస అంటే చివరి కణుపు దాటిన భాగం. వెనకవైపు గోరు, గోటి కింద గోటిపాదు, దాని కింద చిన్న ఎముక, ముందువైపు మెత్తటి గుజ్జు. ఈ గుజ్జు ఉత్త కొవ్వు కాదు. చర్మం నుంచి ఎముక దాకా సన్నని నారపోగుల గోడలుంటాయి. ఆ గోడల మధ్య గదుల్లో కొవ్వు బిగించి ఉంటుంది. బత్తాయి తొన వలిస్తే లోపల చిన్న చిన్న రసపు తిత్తులు కనిపిస్తాయి చూడండి, అలాగన్నమాట. అందుకే మనం పెన్ను పట్టుకున్నా, చెంబు పట్టుకున్నా చర్మం జారిపోకుండా గట్టిగా నిలబడుతుంది. అందుకే అక్కడ చీము పడితే ప్రాణం పోయినంత నొప్పి కూడా. సాగడానికి చోటు లేదు మరి.

అన్నిటికంటె ముఖ్యం అక్కడికి వచ్చే నరాలు. వేలికి రెండు పక్కలా రెండు నరాలు, వాటి వెంటే రెండు రక్తనాళాలు వచ్చి కొసలో చెట్టు కొమ్మల్లా విచ్చుకుంటాయి. 1834లో వెబర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు వృత్తలేఖిని రెండు మొనలు చర్మానికి ఆనించి, అవి రెండుగా తెలుస్తున్నాయా, ఒకటిగా తెలుస్తున్నాయా అని ఒళ్ళంతా పరీక్ష చేశాడు. వేలి కొసన రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంటే చాలు, రెండని తెలిసిపోతుంది. ముంజేతి మీదయితే సెంటీమీటర్లు కావాలి. మీరు ఇంటికి వెళ్ళి హెయిర్‌పిన్ను విడదీసి ప్రయత్నించండి. మనవాళ్ళ చేత చేయించుకోండి, కళ్ళు మూసుకోండి, మోసం చేయకండి. మన వయసుకు ఎడం ఇంకాస్త కావాలి. దానికి కంగారు పడనక్కరలేదు.

ఈ స్పర్శ విలువ ఎంతో మాకు నేర్పినది వెల్లూరు. 1946లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జను కుష్ఠురోగుల చేతులు పరిశీలించాడు. ఆయన మనవాడే అనుకోవచ్చు, 1914లో తమిళనాట కొల్లిమలల్లో పుట్టాడు. వ్యాధి వేళ్ళను తినేస్తుందని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. స్పర్శ పోయినందువల్ల వేడి గిన్నె పట్టుకున్నా, తాళంచెవి గట్టిగా తిప్పి గాయపరచుకున్నా తెలియక, ఆ గాయాలే ముదిరి వేళ్ళు పోతున్నాయని ఆయన తేల్చాడు. స్పర్శ లేని వేలు తనను తాను కాపాడుకోలేదు. వేలి కొసకు చేసే ఏ ఆపరేషనునయినా ఈ లెక్కతోనే చూడాలి. పొడవు ఎంత మిగిలింది అన్నది తరువాతి ప్రశ్న.

నేను ఈ లెక్క తెలుసుకున్నది పుస్తకంలో కాదు. తప్పు చేసి తెలుసుకున్నాను. 1979లో నేను ఒక పెద్దాసుపత్రిలో కొత్తగా చేరినవాణ్ణి. అరవై దాటిన ఒక దర్జీగారు సైకిలు చైనులో కుడి చూపుడువేలు ఇరికించుకుని వచ్చారు. గుజ్జువైపు ఏటవాలుగా చర్మం పోయింది. సెంటీమీటరు వెడల్పు కూడా లేదు, ఎముక బయటపడలేదు. నేనేమో పక్కవేలి నుంచి చర్మం తెచ్చి కప్పే ఆపరేషను కొత్తగా నేర్చుకుని ఉన్నాను. పక్కనున్న మధ్యవేలి వెనకవైపు చర్మాన్ని ఒక తలుపులాగా మూడు పక్కలా కోసి, తెరిచి, గాయం మీద వేసి కుట్టాలి. రెండు వేళ్ళూ రెండున్నర వారాలు కలిసే ఉంటాయి. తరువాత విడదీయాలి. మధ్యవేలి మీద ఏర్పడిన ఖాళీకి తొడ నుంచి పలచని చర్మం తెచ్చి అతకాలి. ఎముకో, స్నాయువో బయటపడిన పడుచువాడికి ఇది మంచి ఆపరేషను, ఇప్పటికీ చేస్తున్నారు. దర్జీగారికి నేను చేశాను. చక్కగా అతుక్కుంది. ఫొటోలు తీసి పెద్దవాళ్ళకు చూపించి మెప్పు కూడా పొందాను.

మూడు నెలల తరువాత ఆయన వచ్చారు. రెండు వేళ్ళూ కర్రల్లా బిగిసిపోయాయి. ఆ వయసులో కీళ్ళను మూడు వారాలు కదలకుండా ఉంచితే అంతే మరి. కొస గుండ్రంగా ఉంది, తాకితే మొద్దు. "వేలు చూడ్డానికి బాగుందండీ, సూది మాత్రం దొరకటంలేదండి" అన్నారు. నింద లేదు ఆ మాటలో. గుండీలు కుట్టే పని అల్లుడికి అప్పగించి తాను కత్తిరింపు ఒక్కటే చేసుకుంటున్నానని కూడా చెప్పారు. నేను ఏ ఆపరేషనూ చేయకుండా, శుభ్రం చేసి వేజలీను గాజుగుడ్డ పెట్టి కట్టుకట్టి పంపించి ఉంటే, ఆయన అయిదారు వారాల్లో మళ్ళీ సూది పట్టుకునేవారు.

ఇది ఇవాళ బుద్ధి వచ్చి చెప్తున్న మాట కాదు. అప్పటికే దారి చూపించినవాళ్ళు ఉన్నారు. 1974లో ఇంగ్లండులో షెఫీల్డు నుంచి సింథియా ఇల్లింగ్‌వర్త్ అనే డాక్టరమ్మగారు, చిన్నపిల్లల వేలి కొసలు తలుపుల్లో నలిగి తెగినప్పుడు కుట్టకుండా ఉత్త కట్టుతో వదిలేస్తే గోటితో సహా ఎంత చక్కగా పెరుగుతాయో ప్రచురించారు. పెద్దలకు పిల్లలంత పెరుగుదల రాదు. అయినా సెంటీమీటరు లోపు గాయం, ఎముక బయటపడకుండా ఉంటే, మూడు నుంచి ఆరు వారాల్లో పూడుతుంది. పూడేటప్పుడు గాయం ముడుచుకుంటూ చుట్టూ ఉన్న అసలు చర్మాన్నే లోపలికి లాక్కుంటుంది. ఆ చర్మానికి దాని నరాలు దానికి ఉన్నాయి. అందుకే స్పర్శ నిలుస్తుంది, గీతలు కూడా చాలావరకు నిలుస్తాయి.

దీనికి ఒక ఇబ్బంది ఉంది. వారానికొకసారి మార్చే పలచని పొర కట్టు కింద రసి చేరి వాసన వేస్తుంది. ఇంట్లోవాళ్ళు "కుళ్ళిపోతోంది, ఆ డాక్టరుకేం తెలియదు" అని ఇంకో ఆసుపత్రికి తీసుకుపోతారు. అక్కడ ఆపరేషను అయిపోతుంది. వాసన ఒక్కటే ఉంటే భయపడకండి. ఎరుపు చేతి మీదికి పాకుతూ ఉన్నా, జ్వరం వచ్చినా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా అప్పుడు వెంటనే చూపించాలి. చక్కెర ఉన్నవాళ్ళు మరీ.

ఎముక బయటపడినప్పుడు మాత్రం కట్టుతో సరిపోదు. గాయం అడ్డంగా తెగి ఉంటే, ఆ వేలి గుజ్జులోనే ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా కోసి, కింద రక్తనాళాలూ నరాలూ తెగకుండా వదులు చేసి ఆ ముక్కను ముందుకు జరుపుతాము. వెనక మిగిలిన ఖాళీని కుడితే 'వై' ఆకారం వస్తుంది. 1935లో ఇటలీలో త్రాంక్విల్లీ లియాలీ, 1970లో అమెరికాలో అటాసోయ్ దీనిని ప్రచారంలోకి తెచ్చారు. జాకెట్టు బిగుతయితే లోపల వదిలిన మడత విప్పి వెడల్పు చేస్తారే, అటువంటి ఉపాయం. గుడ్డ అదే, రంగు అదే. స్పర్శ కూడా అదే.

ఏటవాలుగా తెగినవాటికి మన పక్కవాళ్ళే దారి చూపారు. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో వెంకటస్వామి, సుబ్రహ్మణియన్ గార్లు వేలి ఒక పక్కనున్న నరాన్నీ నాళాన్నీ పట్టుకుని ఏటవాలు త్రికోణం ముక్కను ముందుకు జరిపే పద్ధతిని 1980లో ప్రచురించారు. ఇవాళ ప్రపంచంలో వేలిశస్త్రచికిత్స పుస్తకాల్లో దానికి చోటుంది. నేను దానిని 1983 ప్రాంతంలో చేయడం మొదలుపెట్టాను. దర్జీగారు గుర్తుకొచ్చేవారు.

బొటనవేలి సంగతి వేరు. చేతి పనిలో సగం దానిదే. అక్కడ పొడవు కూడా కావాలి, స్పర్శా కావాలి. స్వీడను దేశపు ఎరిక్ మోబెర్గ్ 1964లో ప్రచురించిన పద్ధతిలో అరచేతివైపు చర్మమంతటినీ రెండు నరాలూ రెండు నాళాలతో సహా లేపి కొసకు లాగుతారు. ఈ మోబెర్గు గారే అంతకుముందు 1958లో, నరం పనిచేస్తున్నదీ లేనిదీ కనిపెట్టడానికి వేలిముద్ర తీసే పద్ధతి ఒకటి చెప్పాడు. నరం లేని చర్మం చెమటపట్టదు. వేలిని కాగితం మీద అద్ది నిన్‌హైడ్రిన్ అనే మందు పూస్తే చెమటచుక్కలు ఊదారంగుగా తేలుతాయి, నరం లేనిచోట ఏమీ రాదు. దొంగల వేలిముద్రలు పట్టడానికి పోలీసులు వాడే మందూ అదే!

ఇక డాక్టరు "ఎముక తగ్గించి కుట్టెయ్యనా" అన్నారంటే అది చెడ్డ సలహా అని మాత్రం అనుకోకండి. ఇక్కడ నా అభిప్రాయం కొందరు యువ సర్జన్లకు నచ్చదు. ఒక హమాలీ నాతో, "అయ్యా, నాలుగు మిల్లీమీటర్లు పోతే పోనీండి, ఎన్నాళ్ళకు బస్తా ఎత్తగలను అది చెప్పండి" అన్నాడు. అతనికి ఎముక కాస్త తగ్గించి, గుజ్జు చర్మాన్నే వెనక్కి తిప్పి కుట్టాను. త్వరగా పనిలోకి పోయాడు. అదే వీణ వాయించే అమ్మాయికి అయితే చేయను. చూడవలసింది ఒకటే, గోటిపాదును ఎముక కొస మీదుగా ముందుకు లాగి కుట్టకూడదు. అలా చేస్తే గోరు చిలకముక్కులా వంగి పెరిగి జన్మంతా గుచ్చుకుంటుంది.

అందువల్ల "మీ ఇష్టం" అనేముందు అడగండి. ఎముక బయటపడిందా? ఉత్త కట్టుతో మానదా? మీరు చెప్పే పద్ధతిలో కొసకు స్పర్శ ఉంటుందా? ఎన్నాళ్ళు వేలు కదపకూడదు? గోరు ఎలా వస్తుంది? అడిగితే కోపగించే డాక్టరు దగ్గర, ప్రాణాపాయం లేని ఈ విషయంలో, ఇంకొకరి అభిప్రాయం తీసుకునే టైము మీకు ఉంటుంది. మీ సంగతి కూడా ఆయనకు చెప్పాలి. ఏ చేతివాటం, ఏం పని చేస్తారు, చక్కెర ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, చుట్ట గానీ సిగరెట్టు గానీ తాగుతారా. పొగ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, అతికిన చర్మం నల్లబడిపోతుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

తెగిన ముక్క సంగతి చెప్పకుండా కూర్చోలేను. దసరాకు ముందురోజు మోటారుసైకిలు కడిగి, ఇంజను ఆన్ చేసి, తిరుగుతున్న చైనును గుడ్డతో తుడిచే కుర్రవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గుడ్డ పళ్ళచక్రంలోకి పోతుంది, గుడ్డవెంట వేలూ పోతుంది. ఒకసారి ఒక తండ్రి, కొడుకు వేలి ముక్కను ఫ్రిజ్‌లో మంచు పట్టే అరలో పెట్టి, గట్టిగా గడ్డకట్టించి తెచ్చాడు. పాపం, జాగ్రత్త చేశాననుకున్నాడు. గడ్డకట్టినది పనికిరాదు. ముక్కను మంచినీళ్ళతో కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి, ఆ కవరును ఐసు వేసిన నీళ్ళలో ఉంచాలి. ఐసు ముక్కకు తగలకూడదు, నీళ్ళలో ముక్క నానకూడదు. ఇలా చల్లగా ఉంచితే గంటల తరబడి పనికివస్తుంది. ముక్క నలిగిపోయిందా, పనికొస్తుందా అన్నది మీరు తేల్చకండి, తీసుకురండి. చిన్నపిల్లలకు నాళాలు కలపకుండానే కొన్నిసార్లు అతుక్కుంటుంది.

నాళాలు కలిపి అతికించడం 1965 జులై 27న జపానులో నారా ప్రాంతంలో కొమత్సు, తమాయ్ అనే ఇద్దరు సర్జన్లు పూర్తిగా తెగిన బొటనవేలికి చేసి చూపారు. వేలి కొస దగ్గర రక్తనాళం మిల్లీమీటరుకన్న సన్నం, కుట్టే దారం వెంట్రుకకన్న సన్నం, అంతా మైక్రోస్కోపు కింద జరగాలి. వచ్చే రక్తాన్ని కలపగలిగి, పోయే రక్తపు దారి కలపలేకపోతే వేలు నీలంగా ఉబ్బిపోతుంది. అప్పుడు జలగలు పెడతారు. అవును, జలగలే. సుశ్రుత సంహితలో వాటికొక అధ్యాయమే ఉంది. అమెరికా ప్రభుత్వం 2004లో వాటిని వైద్యానికి ఆమోదించింది.

గాయానికి ఇంట్లో చేయవలసింది కొద్దే. కుళాయి నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి గుండెకన్న పైకి ఎత్తి పట్టుకోండి. ఉంగరం ఉంటే తక్షణం తీసెయ్యండి, వాపు వచ్చాక కోయవలసి వస్తుంది. పసుపు, కాఫీపొడి, సున్నం, కిరసనాయిలు వద్దు. వేలి మొదట్లో దారంగానీ రబ్బరుబ్యాండుగానీ బిగించవద్దు. బిగించిన సంగతి మరిచిపోయి మొత్తం వేలు నల్లబడిన కేసులు నేను చూశాను. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అడగండి.

మేము కూడా మరిచిపోవలసిన పాఠాలున్నాయని ఒప్పుకోవాలి. వేలికి మత్తు ఇచ్చేటప్పుడు మందులో అడ్రినలిన్ కలిపితే వేలు కుళ్ళిపోతుందని నేను పాతికేళ్ళు విద్యార్థులకు భయపెట్టి చెప్పాను. కెనడాలో లలోండ్ గారి బృందం మూడు వేలకు పైగా కేసుల్లో వాడి, ఒక్క వేలూ పోలేదని 2005లో ప్రచురించింది. దానివల్ల ఇప్పుడు చేతికి రబ్బరుపట్టీ బిగించకుండా, రోగి మెలకువగా మాట్లాడుతుండగానే చాలా ఆపరేషన్లు జరుగుతున్నాయి. నా పాత విద్యార్థి ఒకాయన ఆ కాగితం నాకు పంపి కింద నవ్వుబొమ్మ వేశాడు.

మానిన తరువాత కొస చలికి జివ్వుమంటుంది, కొందరికి ఏడాది రెండేళ్ళు ఉంటుంది. తాకితే ఓర్చుకోలేరు. దాచుకుని తిరిగితే మరీ పెరుగుతుంది. రోజూ బియ్యం డబ్బాలో వేలు దూర్చి కలుపుతుండండి, ముందు దూదితో, తరువాత తువ్వాలుతో రుద్దండి. కీలు వంచుతూ ఉండండి. గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, పూర్తిగా రావడానికి ఆరునెలలు ఓపికపట్టాలి.

వేలిముద్ర విషయం. పక్కవేలి వెనకవైపు చర్మం తెచ్చి కప్పినచోట గీతలుండవు, ఆ వేలు యంత్రానికి పనికిరాదు. సొంత గుజ్జునే జరిపినవాళ్ళకు గీతలుంటాయి గాని స్థానం మారి ఉంటుంది. వేరే వేలు పెట్టండి. గాయం లేకపోయినా మన వయసులో గీతలు అరిగి, చర్మం ఎండి యంత్రం తిప్పి పంపుతుంది. కాస్త తడి చేసి చూడండి. కనుపాపతో చేసుకోవచ్చు, 2021 నుంచి ముఖం చూపి ఫోనులో చేసుకునే వీలూ వచ్చింది. ఏదీ కాకపోతే కాగితం మీద ఇచ్చే పాత పద్ధతి గురించి బ్యాంకులో అడగండి. ఎనభై నిండిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు అక్టోబరులోనే ఇవ్వవచ్చు. మన మిత్రుడు చివరికి కుడి చూపుడువేలితో బతికున్నారు.

కాఫీలు వచ్చినట్టున్నాయి. ఎవరైనా వేలు చూపించుకోదలిస్తే, కళ్ళజోడు తెచ్చుకున్నాను, ఆ తూర్పు కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుంటాను. ఎక్సరేలుంటే అవి కూడా పట్టుకురండి.